నీళ్ళు ఎంత లోతున్నాయి? హాస్టల్ పిలకాయలకు ఊపిరి పాఠం చెప్పాలనుకునేవాళ్ళకు

మొదటిసారి అంతా తప్పే చేశాను. అక్కడినుంచే మొదలుపెడతాను.

మూడేళ్ళ కిందట ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం. మా హాస్టల్ డైనింగ్ హాల్లో 58 మంది ఆడపిల్లల్ని వరసగా కూర్చోబెట్టి లైట్లు ఆర్పించాను. ఫోన్లో వేణువు పెట్టాను. "కళ్ళు మూసుకోండి, ఊపిరి మీద ధ్యాస పెట్టండి, ఎవరూ కదలకూడదు" అన్నాను. మూడు నిమిషాలకు వెనక వరసలో కిసకిసలు మొదలయ్యాయి. ఐదో నిమిషంలో బైపీసీ ఫస్టియర్ పిల్ల ఒకతి లేచి, కంచాల స్టాండుకు తగులుకుంటూ బయటికి పరిగెత్తింది. వెళ్ళి చూస్తే కుళాయి దగ్గర కూర్చుని వణికిపోతోంది. "మేడమ్, కళ్ళు మూస్తే మా నాయన కనపడతన్నాడు" అంది. వాళ్ళ నాయన పోయి అప్పటికి ఐదు నెలలు. ఆ సంగతి అడ్మిషన్ ఫారంలో ఉంది. నేను చదవలేదు.

నేను నెల్లూరు దగ్గర కోవూరు పక్కన ఒక ప్రభుత్వ బాలికల కాలేజీ హాస్టల్లో పనిచేస్తాను. కాగితాల మీద నా ఉద్యోగం హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసరు. అందరూ వార్డెన్ అనే పిలుస్తారు. డాక్టర్ని కాను, సైకాలజీ చదవలేదు. తోటి వార్డెన్లు, జూనియర్ కాలేజీ లెక్చరర్లు, ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలున్న అమ్మానాన్నలు చదువుతారని ఇది రాస్తున్నాను. మైండ్‌ఫుల్‌నెస్ (అంటే ఈ క్షణంలో జరిగేదాన్ని ఉన్నదున్నట్టు గమనించడం) అని పేరు పెట్టి ఇప్పుడు ప్రతి చోటా పిల్లల చేత కళ్ళు మూయిస్తున్నారు కాబట్టి, మా దగ్గర ఏది పనికొచ్చిందో ఏది బెడిసికొట్టిందో చెప్తాను.

నేనీ పనికి ఎందుకు దిగానో కూడా చెప్పాలి. అంతకు ముందు ఏడాది ఇంటర్ ఫలితాలొచ్చిన రోజు, ఇంటికెళ్ళిన మా పిల్ల ఒకతి ప్రాణం తీసుకోబోయింది. పది రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. తర్వాత ఎప్పుడో మాటల్లో చెప్పింది: సెలవులకు వెళ్ళే ముందు వారం నాతో మాట్లాడాలని నాలుగుసార్లు నా గది దాకా వచ్చిందంట. నేను స్టాకు రిజిస్టరు రాసుకుంటున్నానంట.

ముందు అడగడం నేర్చుకోండి

డైనింగ్ హాల్లోంచి పరిగెత్తిన పిల్లను సోమవారం నెల్లూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీకి తీసుకెళ్ళాను. నేను నా ధ్యానం సంగతి చెప్పబోతుంటే డాక్టరమ్మ ఆపి, "చచ్చిపోవాలనిపిస్తోందా అని ఆ పిల్లను అడిగారా?" అంది.

"అట్టా ఎట్టా అడుగుతాం మేడమ్? లేని ఆలోచన మనమే పెట్టినట్టు కాదా?" అన్నాను.

కాదంది. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదని, అప్పటికే ఉన్నవాళ్ళకు బరువు కాస్త దిగుతుందని వివరంగా చెప్పింది. ఊపిరి పాఠం కంటే ముందు నేను నేర్చుకున్న పాఠం ఇదే. మీరు కూడా ఇది రానిదే రెండోదానికి పోవద్దు. ఎందుకంటే కళ్ళు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చున్న పిల్ల మనసులో ఏదో ఒకటి పైకి తేలుతుంది. తేలినదాన్ని పట్టుకునే మనిషి పక్కన లేకపోతే ఆ నిశ్శబ్దమే ప్రమాదం.

అడిగే తీరు ఉంది. "పిచ్చి ఆలోచనలేమీ పెట్టుకోలేదు కదా?" అని అడక్కండి. ఆ "కదా"లోనే జవాబు ఉంది. పిల్ల "లేదు మేడమ్" అనేసి పోతుంది. నేనిప్పుడు ఇట్టా అడుగుతాను: "ఇంత కష్టంగా ఉన్నప్పుడు కొంతమందికి చచ్చిపోతే బాగుండనిపిస్తుంది. నీకట్టా అనిపిస్తోందా అమ్మా?" అని, నోరు మూసుకుంటాను. ఎంతసేపైనా సరే. ఒకసారి ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేకుండా చాలాసేపు గడిచింది. ఆఖరికి పిల్ల తల ఊపింది.

తల ఊపితే తర్వాతి ప్రశ్నలు: ఇవాళ కూడా అనిపించిందా? ఎట్టా చేసుకోవాలని ఆలోచించావా? దానికి కావాల్సింది దగ్గరుందా? ఈ రెండు మూడింటికి అవునని వస్తే ఇక ఊపిరి, ధ్యానం అన్నీ పక్కన పెట్టండి. ఆ పిల్లను ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. ఇంటికి కబురు, ఆసుపత్రికి ప్రయాణం. ఒంటికి ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే 108. ఏం చెయ్యాలో తెలియకపోతే టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చెయ్యండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది, 24 గంటలూ ఉంటుంది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలే కాదు, పక్కన కూర్చున్న మనం కూడా చెయ్యొచ్చు. 18 ఏళ్ళ లోపు పిల్లకు ఇంట్లోవాళ్ళ వల్లే ప్రమాదమైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098.

రెండు మాటలు మాత్రం రానివ్వొద్దు. ఒకటి, "మీ అమ్మానాన్న ఎంత కష్టపడి చదివిస్తన్నారో తెలుసా?" తెలుసు. తెలుసు కాబట్టే తను భారమనుకుంటోంది. రెండోది, "ఎవరికీ చెప్పనులే". నేను ఒక పిల్లకు అట్టా మాటిచ్చి, మర్నాడే వాళ్ళమ్మకు చెప్పాల్సివచ్చింది. నెల రోజులు నా మొహం చూడలేదు. ఇప్పుడు ముందే చెప్తాను: "నువ్వు చెప్పింది హాస్టల్లో ఎవరికీ తెలియదు. నీ ప్రాణానికి ఇబ్బంది అనిపిస్తే మాత్రం ఒకరిద్దరికి చెప్తాను. ఎవరికి చెప్పాలో నువ్వూ నేనూ కలిసి అనుకుందాం."

ఒట్టు కూడా వేయించుకోవద్దు. "నా మీద ఒట్టు, ఇంకెప్పుడూ అట్టా చేసుకోనని చెప్పు" అనడం మనకు అలవాటు. ఒట్టు వేసిన పిల్ల మళ్ళీ అనిపించినప్పుడు మన దగ్గరికి రాదు, ఒట్టు తప్పానని దాస్తుంది. చేతి మీద గాట్లు పెట్టుకునే పిల్లల విషయంలో ఇది మరీ నిజం. ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల చొక్కా, కూర్చుంటే చేతులు దాచుకోవడం కనబడినప్పుడు వెంటనే "యాక్షన్ చేస్తోంది" అనే మాట స్టాఫులో ఎవరో ఒకరు అంటారు. నేను కూడా అన్నాను ఒకప్పుడు. చాలామంది పిల్లలు అది ఎవరికీ కనబడకుండా చేసుకుంటారు. తట్టుకోలేని బాధను కాసేపు దించుకోవడానికి వాళ్ళకు తెలిసిన దారి అదొక్కటే. ఆ దారి మూసెయ్యాలంటే ముందు ఇంకో దారి చూపించాలి. ఊపిరి పాఠం పని అక్కడ మొదలవుతుంది.

ఈ పాఠం ఎక్కడిది, ఎంతవరకు పనికొస్తుంది

క్లుప్తంగానే చెప్తాను. బౌద్ధంలోంచి వచ్చిన గమనింపు పద్ధతిని మతం సంగతి లేకుండా ఆసుపత్రిలోకి తెచ్చినవాడు జాన్ కబాట్ జిన్. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో మొదలుపెట్టాడు. తర్వాత అది 8 వారాల తరగతిగా స్థిరపడింది. దాన్ని పట్టుకునే సీగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు, డిప్రెషన్ తగ్గినవాళ్ళకు అది మళ్ళీ తిరగబెట్టకుండా ఉండే పద్ధతి తయారుచేశారు. మన విషయానికి అన్నిటికంటే దగ్గరిది అమెరికా సైకాలజిస్టు మార్షా లినెహాన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) చికిత్స. తనను తాను గాయపరచుకునేవాళ్ళ కోసమే అది పుట్టింది. దానిలో గమనింపు నాలుగు నైపుణ్యాల్లో ఒకటి. బాధను తట్టుకోవడం, ఆవేశాన్ని సర్దుకోవడం, మనుషులతో మెలగడం మిగతా మూడు. చిన్న వయసులో తనూ అదే బాధ పడ్డానని, ఆసుపత్రిలో ఉన్నానని ఆమె 2011లో అందరి ముందూ చెప్పింది. ఆ సంగతి మా పిల్లలకు చెప్పినప్పుడు హాలంతా నిశ్శబ్దమైపోయింది. నేను చెప్పిన పాఠాలన్నిటికంటే అదే ఎక్కువ పనిచేసిందేమోనని నా అనుమానం.

ఇప్పుడు అసలు సంగతి. 2018లో అచ్చయిన ఒక అమెరికా పరిశోధనలో 173 మంది టీనేజీ పిల్లల మీద ఆరు నెలల డీబీటీ పరీక్షించారు. మామూలు ఓదార్పు చికిత్స పొందినవాళ్ళకంటే వీళ్ళలో ప్రాణం తీసుకోబోవడం, గాయపరచుకోవడం తగ్గాయి. అదే బ్రిటన్‌లో 80కి పైగా బడుల్లో 8 వేల మందికి పైగా పిల్లల మీద ఒక పరీక్ష చేశారు. వాటిలో దాదాపు సగం బడుల్లో, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు లేనివాళ్ళు అని చూడకుండా, క్లాసులో మైండ్‌ఫుల్‌నెస్ చెప్పించారు. 2022లో ఫలితాలొచ్చాయి. బడిలో మామూలుగా చెప్పే పాఠాలకంటే దానివల్ల ఒరిగిందేమీ లేదు. అప్పటికే దిగులుతో ఉన్న కొందరు పిల్లలకు కాస్త ఎక్కువ కూడా అయింది. నా డైనింగ్ హాల్ కథే పెద్ద లెక్కలో అన్నమాట. యూరప్‌లో 10 దేశాల్లో 168 బడుల్లో చేసిన ఇంకో పరీక్షలో, పిల్లల్ని కూర్చోబెట్టి మానసిక కష్టాల గురించి మాట్లాడించి, నాటికలాగా వేయించి, ఎవరికి చెప్పుకోవాలో తెలియజేస్తే, ఏడాదికి ప్రాణం తీసుకోబోయేవాళ్ళ సంఖ్య దాదాపు సగమైంది. దానిలో ధ్యానమే లేదు.

అందుకని నేను ఊపిరి పాఠాన్ని మందు అనుకోను. మందు డాక్టరు దగ్గర ఉంటుంది. ఇది ఈత. అదీ వరద లేనప్పుడు నేర్చుకోవాల్సిన ఈత.

మొదలుపెట్టే ముందు

మీరు ముందు 8 వారాలు చెయ్యండి. రోజూ పది నిమిషాలు. మనసు నిలవకపోతే ఎట్టా ఉంటుందో తెలియనివాళ్ళు పిల్లలకు "మనసు నిలపండి" అని చెప్పకూడదు. నేను ఆన్‌లైన్లో ఒక తరగతిలో చేరాను. మూడో వారంలో నాకు మా అమ్మ గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆ పిల్ల ఎందుకు పరిగెత్తిందో అప్పుడు తెలిసింది.

ఇష్టమున్నవాళ్ళే రావాలి. 12 మంది దాటొద్దు. పెద్దవాళ్ళు ఇద్దరుండాలి. ఎవరైనా లేచి బయటికెళ్తే వెంట ఒకరు వెళ్ళడానికి. మొదటి రోజుకు ముందే ప్రతి పిల్లతో విడిగా పది నిమిషాలు మాట్లాడండి: ఇంట్లో ఎవరైనా పోయారా, ఏమైనా జరగరానిది జరిగిందా, ఇప్పుడు మందులు వాడుతోందా, చచ్చిపోవాలనిపిస్తోందా. ఇప్పుడు ఆ ఆలోచనలు గట్టిగా ఉన్న పిల్లను గుంపులో కలపకుండా ముందు డాక్టరు దగ్గరికి పంపండి. కులం, మతం అడ్డు రాకుండా ఓం, మంత్రం, దేవుడి పటం ఏమీ పెట్టొద్దు. మా దగ్గర ముస్లిం పిల్లలున్నారు, క్రైస్తవ పిల్లలున్నారు. ఊపిరి అందరిదీ.

హాజరు వెయ్యొద్దు. వార్డెన్ బుద్ధి పోనిచ్చుకోక నేను మొదటి రెండు వారాలు అటెండెన్స్ రిజిస్టరు పట్టుకొచ్చాను. పిల్లలు హాజరు కోసం వచ్చి కూర్చున్నారు. రిజిస్టరు మానేస్తే 11 మంది మిగిలారు. 8 వారాలు పూర్తయ్యేసరికి ఏడుగురు. ఆ ఏడుగురూ నిజంగా నేర్చుకున్నారు.

పాఠాలు

మొదటి వారం ఊపిరి జోలికి పోను. పాదాలు. చెప్పులు విప్పి వరండాలో బండల మీద నిలబడమంటాను. కళ్ళు తెరిచే ఉంటాయి. మూయాలనిపిస్తే మూసుకోవచ్చు, లేదంటే నేలమీద ఒక చోట చూపు ఆనించొచ్చు. బరువు మడమ మీదుందా, వేళ్ళ మీదుందా? బండ చల్లగా ఎక్కడ తగులుతోంది? రెండు నిమిషాలు, అంతే. "ఇంతేనా మేడమ్?" అన్నారు. ఇంతే. బుర్రలో తిరిగేదాన్నుంచి ఒంట్లోకి దిగడానికి పాదాల కంటే దగ్గరి దారి లేదు. పరీక్ష హాల్లో కూర్చుని కూడా చెయ్యొచ్చు, పక్కవాళ్ళకు తెలియదు.

రెండో వారం శబ్దాలు. రాత్రి స్టడీ అవర్ అయ్యాక వరండాలో కూర్చుంటాం. మడి కయ్యల్లో కప్పలు, పడుగుపాడు వైపు వెళ్ళే రైలు, వంటింట్లో గిన్నెలు కడిగే చప్పుడు. ఇది బాగుంది, ఇది గోల అని పేరు పెట్టకుండా వినడం. నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం ఇదే.

మూడో వారం ఊపిరి. ఎడమ అరచెయ్యి విప్పి, కుడి చూపుడువేలితో ఒక్కో వేలి అంచు వెంట ఎక్కుతూ గాలి పీల్చడం, దిగుతూ వదలడం. దిగేటప్పుడు నెమ్మదిగా. ఐదు వేళ్ళయ్యేసరికి ఐదు ఊపిరులు. ఆయాసం ఉన్న పిల్లకు, ఊపిరి చూస్తుంటే గుండె దడ వచ్చే పిల్లకు ఇది వద్దు. వాళ్ళకు పాదాలే చాలు. మా బ్యాచిలో ఒక పిల్ల 8 వారాలూ పాదాలే చేసింది.

నాలుగో వారం తినడం. అసలు పద్ధతిలో ఎండుద్రాక్ష ఒక్కటి చేతిలో పెట్టి, చూసి, వాసన చూసి, నాలుక మీద ఉంచి, నిదానంగా నమలమంటారు. నేను అరకిలో ఎండుద్రాక్ష తెప్పించాను. నేను "చూడండి" అనే లోపలే సగం మంది మింగేశారు. హాస్టల్ పిల్లల ముందు తినేది పెట్టి ఆగమంటే ఆగుతారా! సంక్రాంతి రోజుల్లో మాత్రం రేగిపళ్ళతో చేశాం. గింజ ఉంటుంది కాబట్టి ఎంత లేదన్నా నోట్లో కాసేపు ఆగాల్సిందే. అది కుదిరింది.

ఆలోచనల పాఠం దగ్గర కొంచెం ఆగుతాను. ఇంగ్లీషు పద్ధతుల్లో దీనికి చాలా కసరత్తు చేయిస్తారు: ఆలోచన వేరు, నేను వేరు అని తెలియడానికి. మన భాషలో అది ముందే ఉంది. "అనిపిస్తోంది" అనే మాట. "నేను దేనికీ పనికిరాను" అని ఒక పిల్ల నోట్‌బుక్‌లో రాసింది. "దానికి చివర 'అని ఇప్పుడు అనిపిస్తోంది' చేర్చి మళ్ళీ రాయి" అన్నాను. "నేను దేనికీ పనికిరానని ఇప్పుడు అనిపిస్తోంది." కాసేపు దానివైపే చూసి, "మేడమ్, 'ఇప్పుడు' అంటే తర్వాత అనిపించకపోవచ్చా?" అని అడిగింది. నేనేమీ జవాబు చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. దీన్ని రోజూ ఒక్క వాక్యంతో చేయించండి. చిన్న కోపాలతో మొదలుపెట్టండి: "దాన్ని చూస్తే ఒళ్ళు మండిపోద్దని అనిపిస్తోంది." నవ్వుకుంటూ నేర్చుకుంటారు. పెద్ద ఆలోచన వచ్చిన రోజుకు నోటికి అలవాటై ఉంటుంది. ఒక హెచ్చరిక: పిల్ల ఏడుస్తూ "నాకు బతకాలని లేదు" అన్నప్పుడు "అట్టా అనిపిస్తోంది అంతే" అని మనం దిద్దకూడదు. అది కొట్టిపారేసినట్టుంటుంది. ఆ వాక్యం పిల్ల చేతిలో ఉండాల్సిన పనిముట్టు, మన నోట్లో ఉండాల్సింది కాదు.

నడక, తనను తాను తిట్టుకోకుండా స్నేహితురాలితో మాట్లాడినట్టు మాట్లాడుకోవడం, మిగతా వారాల్లో ఇవే తిప్పి తిప్పి చేస్తాం. కొత్తవి పెట్టొద్దు. రోజూ ఐదు నిమిషాలు చాలు.

పెన్న లోతు

2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు మా పిల్లల్లో చాలామంది హైస్కూల్లో ఉన్నారు. నెల్లూరు, కోవూరు మధ్య హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి. ఇళ్ళలోకి నీళ్ళొచ్చిన పిల్లలున్నారు. ఎంత భయపడ్డారో చెప్తుంటే ఒక పిల్ల, "మా నాయన బండి దించబోతే మా జేజి చొక్కా పట్టుకుని లాగింది మేడమ్. నీళ్ళు తీసినాక పోదువులే అని" అంది.

నాకు కావాల్సింది దొరికింది. చావాలనే ఆలోచన, గాయపరచుకోవాలనే తపన ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండవు. ఎక్కుతాయి, కాసేపు నిలుస్తాయి, దిగుతాయి. నిండుగా ఉన్నప్పుడు ఇక ఎప్పటికీ దిగవనే అనిపిస్తుంది. ఆ కాసేపట్లో బండి దించకుండా ఉండటమే నేర్చుకోవాల్సింది. దాన్ని మూడు లోతులుగా పెట్టుకున్నాం.

మోకాళ్ళ లోతు: చదువు బుర్రకెక్కదు, ఏడుపొస్తుంది, కాని నడవగలను. ఇక్కడ పాదాలు, శబ్దాలు, ఐదు వేళ్ళ ఊపిరి పనిచేస్తాయి.

నడుం లోతు: ఒంటరిగా ఉంటే ఏదో చేసుకుంటానేమో అనిపిస్తోంది. ఇక్కడ కళ్ళు మూసి కూర్చోవడం పనికిరాదు, లోపలికి చూసే కొద్దీ మునుగుతారు. ఒంటికి గట్టిగా తెలిసే పని కావాలి. కుండలో చల్లటి నీళ్ళు దోసిళ్ళతో మొహాన పోసుకోవడం, లేదా తడిగుడ్డ కళ్ళమీద, బుగ్గలమీద అరనిమిషం పెట్టుకోవడం. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు మాత్రం వద్దు. మెట్లు రెండుసార్లు ఎక్కిదిగడం. తర్వాత గదిలో ఒంటరిగా ఉండకుండా నా దగ్గరికో, వంట చేసే పెద్దమ్మ దగ్గరికో రావడం. కారణం చెప్పక్కర్లేదు. పెద్దమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీయమని ముందు పెడుతుంది. అది ఏ తరగతిలోనూ చెప్పని మైండ్‌ఫుల్‌నెస్.

మెడ లోతు: చేసుకోవాలని నిర్ణయించుకున్నాను, లేదా ఆపుకోలేను. ఇక్కడ పిల్ల చెయ్యాల్సిన పని ఒక్కటే, ఎవరినైనా పిలవడం. మిగతాదంతా పెద్దవాళ్ళది. "ఊపిరి పీల్చుకో, తగ్గుతుంది" అని ఇక్కడ చెప్పేవాళ్ళు, మునుగుతున్నవాళ్ళకు గట్టుమీద నిలబడి ఈత నేర్పేవాళ్ళే.

ఈ లోతులు పెట్టుకున్నందువల్ల అనుకోని మేలు ఒకటి జరిగింది. "నాకు చావాలనిపిస్తోంది" అని నోరు తెరిచి చెప్పలేని పిల్ల "మేడమ్, ఇవాళ నడుం దాకా ఉన్నాయి" అని చెప్పగలదు. అయితే ఆ మాట విన్నాక నేను మళ్ళీ మామూలు మాటల్లో అడుగుతాను. గుప్తభాష మీద ప్రాణాలు వదిలెయ్యలేం.

చీటీ, తాళం

ప్రతి పిల్ల చేత ఒక చీటీ రాయిస్తాను, మంచిగా ఉన్న రోజున. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు తయారుచేసిన భద్రతా ప్రణాళికకు మా హాస్టల్ రూపం అది. నీళ్ళు ఎక్కుతున్నాయని నాకెట్టా తెలుస్తుంది, నా అంతట నేను చేసుకోగలిగే పనులేంటి, ఎవరి దగ్గరికి పోయి ఊరికే కూర్చోగలను, ఎవరికి విషయం చెప్పగలను, 14416, ఆసుపత్రి. పిల్ల మాటల్లోనే ఉండాలి. ఒక చీటీలో మొదటి గుర్తు: "జడ వేసుకోబుద్ధి కాదు." ఏ డాక్టరూ రాయలేని గుర్తు అది.

చీటీలో ఆఖరి అంశం పెద్దవాళ్ళది: అపాయమైన వస్తువుల్ని దూరం చెయ్యడం. మనవి వ్యవసాయం ఇళ్ళు. పొలానికి కొట్టే మందులు ఇంట్లో, పశువుల కొట్టంలో ఉంచొద్దు. తప్పనిసరైతే పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి ఒక పెద్దమనిషి దగ్గర ఉంచండి. జేజి బీపీ మాత్రలు, నిద్రమాత్రలు కూడా అంతే. "ఇది కాకపోతే ఇంకోటి" అనుకోకండి. వరద నిండుగా ఉండేది కాసేపే. ఆ కాసేపు చేతికి అందకపోవడమే ఎన్నో ప్రాణాలు నిలబెడుతుంది.

ఇంటికి చెప్పడం కష్టమైన పని. ఒక పిల్ల తండ్రి అల్లూరు వైపు రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా. ఫోన్లో చెప్పకుండా రమ్మన్నాను. "అన్నా, పాప తప్పేం చెయ్యలా. జ్వరమొస్తే ఎట్టా చెప్తానో అట్టా చెప్తన్నా" అని మొదలుపెట్టాను. "మా పిల్లకు పిచ్చి పట్టిందా మేడమ్? పోలీసు కేసేమైనా అవద్దా?" అన్నాడు. కేసు కాదని చెప్పాను. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ప్రాణం తీసుకోబోయినవాళ్ళు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే ప్రభుత్వం అనుకోవాలి, శిక్షించకుండా వైద్యం ఇప్పించాలి. ఆయన చాలాసేపు గేటువైపు చూస్తూ కూర్చుని, "తెల్లారుజామున గుంటలో ఆక్సిజన్ పడిపోద్ది మేడమ్. రొయ్యలు పైకి తేల్తాయి. అప్పుడు రొయ్యల్ని తిట్టం గదా, ఏరేటర్ వేస్తాం" అన్నాడు. అంతకంటే బాగా నేను ఎవరికీ వివరించలేకపోయాను. ఇప్పుడు వేరే అమ్మానాన్నలకు ఆయన మాటే చెప్తున్నాను.

ఫలితాల వారం

ఏప్రిల్లో పిల్లలు మన దగ్గర ఉండరు. అందుకే పరీక్షలకు ముందే ఫలితాల రోజుకు ఏర్పాటు చేసుకోవాలి. ఎవరి ఫలితం ఎవరు చూస్తారు? పిల్ల ఒంటరిగా ఫోన్లో చూసుకోకూడదు. మార్కులు చూశాక ఇంట్లో మొదటి మాట ఏంటి? నేను అమ్మానాన్నలకు ఒక్కటే చెప్తాను: "అన్నం తిన్నావా?" అని అడగండి. సప్లిమెంటరీ ఫీజు ఎప్పుడు కట్టాలి, పరీక్ష ఎప్పుడు అన్నది రెండో రోజు మాట్లాడుకోవచ్చు. ఫలితాల రోజు, ఆ తర్వాత రెండు రోజులు నేను లిస్టు పెట్టుకుని ఫోన్లు చేస్తాను. ముందు చీటీలో నడుం దాటిన పిల్లలకు, తర్వాత తప్పినవాళ్ళకు, ఆ తర్వాత మార్కులు బాగా వస్తాయని అందరూ అనుకుని అవి రానివాళ్ళకు. ఈ మూడోవాళ్ళను అందరం మర్చిపోతాం.

ఒక పిల్ల రొట్టెల పండక్కి నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, చదువు కోరిక తీరినవాళ్ళు ఇచ్చే చదువు రొట్టె పట్టుకుని వచ్చి, అది తిన్నాక కూడా తప్పింది. "రొట్టె కూడా నన్నొదిలేసింది మేడమ్" అని ఏడ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "రొట్టెకు గడువు రాసుందా?" అన్నాను. సప్లిమెంటరీలో గట్టెక్కి, మరుసటి ఏడు తనే రొట్టె తీసుకెళ్ళి ఎవరికో ఇచ్చింది.

మీ కాలేజీలో కౌన్సెలర్ లేకపోతే అడగండి. 2025 జులైలో సుప్రీంకోర్టు, మన రాష్ట్రంలోని ఒక విద్యార్థిని మృతి కేసులోనే, 100 మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ గాని, సైకాలజిస్టు గాని, సోషల్ వర్కర్ గాని ఉండాలని చెప్పింది. మార్కుల ప్రకారం బ్యాచిలు విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం కూడా మానుకోవాలంది. కాగితం మీద ఉన్నంత మాత్రాన జరగదు గాని, కాగితం చూపించి అడగొచ్చు.

ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన పిల్ల విషయం కూడా. "తగ్గిపోయింది" అని అందరం ఊపిరి పీల్చుకునే ఆ మొదటి వారాలే జాగ్రత్తగా ఉండాల్సినవి. మందు వేసుకుందా, మళ్ళీ ఓపీకి ఎప్పుడు, రాత్రి పడుకుందా అని ఎవరో ఒకరు రోజూ కనుక్కోవాలి. ఊపిరి పాఠానికి అప్పుడే రమ్మనొద్దు. వాళ్ళ డాక్టరు సరే అన్నాకే.

ఇంక మన సంగతి. ఈ పని చేసేవాళ్ళకు రాత్రిళ్ళు ఫోన్ మోగితే గుండె జారుతుంది. పోయిన ఫలితాల వారంలో 40కి పైగా ఫోన్లు చేసి, వంటింటి గడప మీద కూలబడ్డాను. పెద్దమ్మ బియ్యం చెరుగుతోంది. చేట ఆపకుండానే, "మీకు ఎంత లోతున్నాయమ్మా?" అంది. ఆ మాట నన్ను అడిగినవాళ్ళు అంతవరకు ఎవరూ లేరు. మోకాళ్ళ దాకా అని చెప్పబోయి, నడుం దాకా అన్నాను. ఆమె చేట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, వచ్చి నా పక్కన గడప మీద కూర్చుంది.